ఊరూ పేరూ ఉన్న సారా

బోధన్, 14 జూన్ 1970

పేరు ఇచ్చేశాను. వెనక్కి తీసుకునేది లేదు.

నోటీసు మా చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్ గోడకు అంటించి చాలా రోజులైంది. హైదరాబాదు చుట్టూ ద్రాక్షతోటలు బాగా పెరిగాయట. వైన్ తయారుచేసే కార్ఖానా పెడతారట. అందుకోసం రాష్ట్రం మొత్తం మీద ఒక్క కెమిస్టును ఏడాదిపాటు ఇటలీ పంపి చదివిస్తారట. ముందు రాతపరీక్ష, తరువాత ఇంటర్వ్యూ. ఇటలీలో ఏ సీమలో ఏ వైన్ చేస్తారు, ఏ ద్రాక్షతో చేస్తారు, ఆ పేరు పెట్టుకోవడానికి చట్టం ఏమంటుంది, ఇవన్నీ తెలిసి ఉండాలి. నోటీసు అడుగుదాకా చదివాను. మగవాళ్లే రాయాలని ఎక్కడా లేదు.

మా చీఫ్ కెమిస్ట్ రాజేశ్వర్ గారు దరఖాస్తు చూసి కళ్లజోడు తీశారు.

“యేసమ్మా, మీ చర్చోళ్లు నన్ను కొడ్తరమ్మా.”

“ముందుగాల నన్ను కొట్టాలె గద సార్. మీ దాంక వచ్చెవరకు అలిసిపోతరు.”

నవ్వుతూనే సంతకం పెట్టారు. నేను నవ్వలేదు. రోజంతా మా ఫ్యాక్టరీ సారా బట్టీ పక్కన కూర్చొని స్పిరిట్ ఘాటు కొలవడమే నా ఉద్యోగం. ఆ ఉద్యోగానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. దీనికి చెబుతారు. చెప్పనీ.

16 జూన్

అవ్వకు తెలిసింది. కన్నతల్లికి ఎన్నాళ్లు దాస్తాను? మిషన్ ఆస్పత్రిలో ఆయా పని చేసేవాళ్లకు ఊళ్లో సంగతులన్నీ కాన్పుల గదిలోనే తెలుస్తాయి.

చెప్పులు విడవకుండానే అడిగింది. “నర్సవ్వ బిడ్డ సారా సదువు సదువుతదట గద అన్నరు. నిజమేనా?”

“సారా కాదవ్వా. వైన్.”

“మీ బాపును మింగింది సాలలేదా?”

“బాపు తాగింది వేరు.”

“పులిసింది పులిసిందే. పేరు మారిస్తె ఇసం పోతదా?”

జవాబు వెతకాలి. దొరుకుతుంది.

ఇన్నేళ్లూ నేను పనిచేసేది చక్కెర ఫ్యాక్టరీలో అనే అవ్వ అందరికీ చెప్పుకుంటుంది. బట్టీ మాట ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను. స్నానం చేసి, చీర మార్చుకున్నాకే పొయ్యి దగ్గరికి పోతాను.

17 జూన్

అవ్వ నాతో మాట్లాడటం లేదు. కోడితో మాట్లాడుతోంది. “అన్నం అయింది, తినుమని సెప్పు” అంది కోడితో. తిన్నాను.

27 జూన్

పొద్దుటి ప్యాసింజర్‌లో నిజామాబాదు పోయాను. అక్కడి క్యాథలిక్ గుడిలో ఇటలీ నుంచి వచ్చిన ముసలి ఫాదర్ ఉన్నారని రాజేశ్వర్ గారే చెప్పారు. ఫాదర్ బత్తిస్తా. జనం బత్తిస్తయ్య అంటారు. మెథడిస్టు పిల్ల క్యాథలిక్ ఫాదర్ ఇంటి మెట్లెక్కడమంటే ఏమిటో నాకు తెలుసు. అందుకే తల వంచుకోకుండా ఎక్కాను.

ఆయన వరండాలో కూర్చొని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను.

“తెలుగుల చెప్పు బిడ్డా. నా ఇంగ్లీషు మంచిగుండదు.”

ఈ జిల్లాకు వచ్చి ముప్పై ఏళ్లు దాటిందట. సంగతి విని చిక్కుడుకాయల గంప పక్కకు నెట్టారు. సుద్దముక్క తెచ్చి వరండా నేలమీద ఇటలీ గీశారు, బూటు ఆకారంలో. పైన పడమటి మూల ఒక చుక్క పెట్టారు.

“గిది పీడ్‌మాంట్. మా ఊరు. మా అన్నదమ్ములు ఇంకా గదే పని చేస్తరు. నెబ్బియోలో ద్రాక్ష. నెబ్బియా అంటే పొగమంచు. కోత కోసే యాళ్లకు కొండలు కనవడయి. చెయ్యి సాపితే చెయ్యి కనవడది.” అని చెయ్యి చాపి చూపించారు. బయట ఎండ మండిపోతోంది.

ప్రతి శనివారం రమ్మన్నారు. “మీ పాస్టరు కొట్లాటకు వస్తడు” అన్నారు కూడా. వస్తే రానీ అన్నాను.

18 జూలై

నేర్చుకున్నవి:

నెబ్బియోలో ద్రాక్షతోనే బారోలో, దానితోనే బార్బరెస్కో. రెండింటి కొండలూ దగ్గర దగ్గరే. కానీ ఒకదాని పేరు ఇంకొకటి పెట్టుకుంటే నేరం. బారోలో మూడేళ్లు ఆగాకే అమ్మాలి, అందులో రెండేళ్లు కొయ్యపీపాల్లో. బార్బరెస్కోకు రెండేళ్లు చాలు. టస్కనీలో కియాంతి ఎర్రటి వైన్, అయినా అందులో తెల్ల ద్రాక్ష కలిపి తీరాలని చట్టం. ఎందుకు అని అడిగితే ఫాదర్‌కు కోపం వచ్చింది.

“రోము ఆఫీసుల కూసున్నోళ్లకే ఎరుక! మంచిగున్న ఎర్రదాంట్ల తెల్లది పొయ్యిమంటరు!”

1963లో వచ్చింది ఆ చట్టం. మూడు మెట్లు. మొదటిది ఊరికే పేరు. రెండోది పేరుకు కట్టుబాట్లు: ఏ ఊళ్ల పొలిమేరల్లో పండాలి, ఏ ద్రాక్ష ఎంత, ఎకరానికి ఎంతకు మించకూడదు, ఎంతకాలం నిలవ ఉంచాలి. మూడోది కట్టుబాట్లతోపాటు పూచీ కూడా. మూడో మెట్టు చట్టంలో ఉంది గాని ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదట.

“ఇది ద్రాక్షకు ముల్కీ సర్టిఫికెట్ అన్నట్టు” అన్నాను.

ఫాదర్ పగలబడి నవ్వారు. పోయిన ఏడాది ముల్కీ గొడవల్లో కాలేజీ పిల్లలు ఆయన సైకిల్ ఆపి ‘నువ్వు ముల్కీయా, నాన్ముల్కీయా’ అని, అంటే ఈ నేలవాడివా, పైవాడివా అని అడిగారట. “నేను చచ్చినంక గీ మట్టిలనే పెడ్తరు, గప్పుడు జూడున్రి అన్న” అన్నారు.

25 జూలై

సీమోను ల్యాబ్ గేటు దగ్గరికి వచ్చాడు. నిజామాబాదు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పే మనిషి శనివారం బడి ఎగ్గొట్టి బోధన్ వచ్చాడంటే ఎవరో పంపి ఉంటారు. నేను ఫాదర్ దగ్గరికి పోవాల్సిన రైలు పోయింది.

బోర్డింగులో ఒకే బల్లమీద చదువుకున్నాం. ఈస్టరుకు మా ఇద్దరికీ ప్రధానం జరిగి ఉంగరం తొడిగాడు. క్రిస్మస్ తరువాత పెళ్లి అనుకున్నారు.

“నాకైతే ఏం లేదు యేసమ్మా. పొయ్యిరా. ఏడాదే గద, ఆగుత. కని ఒక్క మాట పాస్టరయ్య ముందట చెప్పు. అక్కడ నోట్లె పోసుకోనని.”

“అది చదువుల భాగమైతే?”

“గప్పుడు చదువే వద్దు.”

“పిండి ఎట్లుందో నోట్లె ఏసుకోకుంట రొట్టె చేస్తరా సీమోనూ?”

“రొట్టె తిని ఎవ్వలు రోడ్డుమీద పడిపోలేదు.”

బాపును ఉద్దేశించే అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆలస్యమైపోయింది.

ఉంగరం ఇచ్చేశాను. అది ఎలాగూ వదులుగానే ఉండేది.

26 జూలై

మామూలుగానే ఉన్నాను. సీమోను గుర్తు రాలేదు.

27 జూలై

టస్కనీ పూర్తి చేశాను. బ్రునెల్లో: ఒకే ద్రాక్ష, కొయ్యలో నాలుగేళ్లు. నాలుగేళ్లు ఎవరి కంటా పడకుండా చీకట్లో కూర్చోవాలి. కూర్చుంటుంది.

సీమోను గుర్తు రాలేదు.

6 సెప్టెంబరు, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరయ్య నన్ను లేచి నిలబడమన్నారు. మంచివాడే. గొంతు కూడా మెల్లగానే ఉంది.

“అమ్మా యేసమ్మా, మత్తు పానీయం తాగనని మన సంఘంలో అందరం ప్రమాణం చేసినవాళ్లమే. నువ్వు మళ్లీ ఒకసారి అందరి ముందూ చేస్తే మాకు ధైర్యంగా ఉంటుంది.”

నా పక్కన అవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

“నేను ఆ ప్రమాణం తప్పలేదు అయ్యగారూ. తప్పినోళ్లు గద మళ్ల చెయ్యాలె” అన్నాను.

గుడిలో గుసగుస మొదలైంది. సంఘపెద్ద దేవన్న దగ్గాడు. పాస్టరయ్య బైబిల్ మూశారు. దరఖాస్తు వెనక్కి తీసుకునేదాకా, రొట్టె, రసం పంచే ప్రభురాత్రి భోజనానికి రావద్దన్నారు.

సరే అన్నాను. కూర్చున్నాను. ముందు వరసలోనే.

4 అక్టోబరు, ఆదివారం

ఈ రోజు ప్రభురాత్రి భోజనం. మా సంఘంలో పులిసిన రసం వాడరు. ఎండుద్రాక్ష నానబెట్టి, మరగకాచి, గుడ్డలో పిండి రసం తీస్తారు. ఆ పని ఎన్నో ఏళ్లుగా అవ్వది. శనివారం నానబెడుతుంది, ఆదివారం తెల్లారగానే కాస్తుంది, చల్లారగానే మూతపెట్టి గుడికి పట్టుకుపోతుంది. ఇల్లంతా ఆ తీపి వాసన.

నిన్న ఆమె ద్రాక్ష కడుగుతుంటే ఊరుకోలేకపోయాను. “వెరోనా దిక్కు గుడ ద్రాక్షను సాపలమీద నెలలకొద్ది ఎండబెట్టి అప్పుడు పిండుతరట అవ్వా.”

చాలా రోజులకు నాతో నేరుగా మాట్లాడింది. “పిండి?”

“పులియబెడ్తరు.”

“నేను పులియనియ్య” అంది.

ఇవాళ గుడిలో ఆ చిన్న గిన్నెల పళ్లెం నా ముందునుంచి పోయింది. దేవన్న పట్టుకున్నాడు. నా దగ్గరికి రాగానే పళ్లెం కొంచెం ఎత్తి, నా తలమీదుగా అవతలివాళ్లకు అందించాడు. నేను ఆయన కళ్లలోకే చూశాను. తల దించలేదు.

అవ్వ తన వంతు గిన్నె తీసుకుంది. చేతిలో పట్టుకుని కూర్చుంది. తాగిందో లేదో చూడలేదు.

1 నవంబరు

అవ్వ ఈ నెల ద్రాక్ష నానబెట్టలేదు. చెయ్యి నొప్పట. ఆ చేత్తోనే పొద్దున కట్టెలు కొట్టింది.

కొట్టిన కట్టెలు నేను లోపల పేర్చాను.

12 డిసెంబరు

గానుగ కాలం మొదలైంది. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ గేటు నుంచి ఊరి చివరిదాకా. పొగ, మడ్డి వాసన, ఎడ్ల మెడగంటలు. ల్యాబ్‌లో తల ఎత్తే తీరిక లేదు. అయినా శనివారం తప్పలేదు.

ఇవాళ ఫాదర్ గోడ బీరువాలోంచి ఒక సీసా తీశారు. దుమ్ము తుడిచారు. అన్నగారు పంపిన నెబ్బియోలోనట. పండుగలకు కూడా తియ్యకుండా దాచుకున్నది.

“కూసో. ఇప్పుడు అసలు పాఠం. తాగకుంట ఎట్ల రాస్తవు బిడ్డా?”

బిరడా తియ్యబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. ప్రమాణం ఉంది ఫాదర్ అన్నాను. ఆయన నా ముఖం చూశారు.

“ప్రమాణమా, భయమా?”

“ప్రమాణం.”

సీసా మళ్లీ బీరువాలో పెట్టేశారు. ఏమీ అనుకోలేదు. సిసిలీ గురించి, అక్కడి మార్సాలా గురించి చెప్పారు. చెవికి ఎక్కలేదు.

భయం కాదు.

13 డిసెంబరు

భయమెందుకు? బాపు చనిపోయినప్పుడు నేను తొమ్మిదో తరగతి. చెరుకు బండి తోలి వచ్చి, తోటివాళ్లతో కలిసి ఎక్కడో ఎవరో అమ్మిన సారా తాగాడు. తెల్లారి కళ్లు కనబడలేదు. “దీపం ముట్టియ్యిన్రి” అని అడిగాడు. బయట ఎండ వచ్చేసింది. సాయంత్రానికి పోయాడు. ఆయనతో తాగిన ఇంకొందరూ పోయారు. పోలీసులు వచ్చి అడిగారు, ఎవరు కాచారు, ఎక్కడ కాచారు, ఏం కలిపారు అని. ఎవరికీ తెలియదు. ఊరూ పేరూ లేని సారా.

మిథైల్ ఆల్కహాల్ అని బీఎస్సీలో చదువుకున్నాక అర్థమైంది. అవ్వకు చెప్పలేదు.

భయం కాదు. రాశాను కదా.

9 జనవరి 1971

సీమోనుకు మెదక్ సంబంధం కుదిరిందట. టీచరట. మంచిదే.

20 ఫిబ్రవరి, హైదరాబాదు

పరీక్ష రాశాను. హాల్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. వెనక బల్లమీది ఇద్దరు నా గురించి ఉర్దూలో ఏదో అనుకుని నవ్వారు. నాకు ఉర్దూ రాదనుకున్నారు పాపం. “భాయ్‌సాబ్, పేపర్ దేఖియే, ముఝే నహీ” అన్నాను, పేపర్ చూసుకోండి, నన్ను కాదు అని. నవ్వు ఆగింది.

బారోలోకూ బార్బరెస్కోకూ తేడా అడిగారు. కియాంతిలో తెల్ల ద్రాక్ష అడిగారు. చట్టంలోని మూడు మెట్లు అడిగారు. చెయ్యి నొప్పి పుట్టేదాకా రాశాను.

7 ఏప్రిల్

ఇంటర్వ్యూకి పిలిచారు. రాతపరీక్షలో నాదే పైచెయ్యి అని రాజేశ్వర్ గారికి ఫోన్ వచ్చిందట. ల్యాబ్ అందరికీ జిలేబీ తెప్పించారు. అవ్వకు చెప్పాను. “ఊఁ” అంది. కోడితో కాదు, నాతోనే.

23 ఏప్రిల్

హైదరాబాదు నుంచి వచ్చే రైల్లో రాస్తున్నాను. అక్షరాలు ఊగుతున్నాయి. మరిచిపోకముందే రాయాలి.

బల్ల అవతల ముగ్గురు. పరిశ్రమల శాఖ పెద్ద అధికారి, వ్యవసాయ కాలేజీ ప్రొఫెసరు, ఇటలీ నుంచి వచ్చిన ఒకాయన. ఆయన మాటలు ప్రొఫెసరే తెలుగు చేస్తున్నారు. గోడ పక్కన ఒక బల్లమీద సీసాలు, చిన్న గాజు గ్లాసులు, కింద పాన్ నమిలేవాళ్లకు పెట్టేలాంటి పెద్ద ఇత్తడి ఉగాల్దాన్.

అధికారి మొదలుపెట్టారు. “మార్కులు బాగున్నాయి. ఎప్పుడైనా రుచి చూశావా?”

“లేదు సార్.”

“ఒక్కసారి కూడా?”

“లేదు సార్.”

ఆయన ప్రొఫెసరు వైపు తిరిగి నవ్వారు. “ఈత పుస్తకం కంఠతా పట్టిందండీ. నీళ్లు మాత్రం చూడలేదు.” నాతో, “చూడమ్మా, వైన్ అంటే సరదా. వాసన, రుచి, ఆనందం. నువ్వేమో ఊళ్ల పేర్లూ చట్టాలూ వల్లించావు. అసలు నీకు దీనిమీద ఇష్టం ఎందుకు?”

ఇష్టమని ఎవరన్నారు? ఇంగ్లీషులో తయారుచేసుకున్న జవాబు ఒకటి ఉంది. అది రాలేదు. మా ఇంటి తెలుగే వచ్చింది.

“మా బాపు సారా తాగి సచ్చిపోయిండు సార్. ఆయన తాగినదానికి ఊరు లేదు, పేరు లేదు. ఎవ్వలు కాసిండ్రో, ఏం కలిపిండ్రో చెప్పెటోడు లేడు. వీళ్ల దేశంల ఒక్కొక్క సీసమీద ఏ ఊరు, ఏ పండు, ఏ యాడాది, ఎవ్వలు చేసిండ్రు, అన్ని రాసి ఉంటయి. అబద్ధమాడితే జైలు. నాకు ఇష్టం గదే సార్. వాసన కాదు.”

 ఇటలీ ఆయన ఏమన్నది అని అడిగినట్టున్నాడు. ప్రొఫెసరు చెబుతున్నంతసేపూ నన్నే చూశాడు. తరువాత లేచి పోయి, ఒక సీసాలోంచి గ్లాసు అడుగున కొంచెం పోసి నా ముందు పెట్టాడు. తానూ కొంచెం పోసుకున్నాడు. తిప్పాడు, వాసన చూశాడు, నోట్లో పోసుకుని పుక్కిలించినట్టు కదిలించాడు. వంగి, అందరి ముందూ, ఉగాల్దాన్‌లో ఉమ్మేశాడు.

నేను నిర్ఘాంతపోయాను. అంత సూటు వేసుకున్న మనిషి.

ప్రొఫెసరు చెప్పారు. “అక్కడ చదివేవాళ్లు ఇట్లాగే చేస్తారట. రోజంతా రుచి చూడాలి. మింగేవాడు మధ్యాహ్నానికే పనికిరాడు అంటున్నారు.”

ఫాదర్ ఈ మాట ఎన్నడూ చెప్పలేదు. రైతు బిడ్డ, ఉమ్మడం ఆయన ఊహకే వచ్చి ఉండదు.

గ్లాసు తీసుకున్నాను. ప్రమాణంలో ఉన్నది ‘తాగను’ అని. నోట్లో పోసుకున్నాను. బాపు మింగాడు. నేను ఉమ్మాను. మాసిన చీర దులిపినట్టు, గట్టిగా.

“ఏమి తెలిసింది?” అని అడిగించాడు.

“వగరు. పులుపు. ఎండిన గులాబీ వాసన. నెబ్బియోలో అనుకుంటున్న” అన్నాను.

అది నెబ్బియోలో కాదట. బర్బేరా అట, అదీ పీడ్‌మాంట్ ద్రాక్షే. తప్పు. అయినా ఆయన తల ఊపాడు. “సీమ సరిగ్గానే చెప్పింది, పొరుగింటి తలుపు కొట్టింది, అంతే” అన్నాడట.

రుచి గురించి ఇంకేమీ రాయను.

25 ఏప్రిల్

వగరు, పులుపు. అంతే.

1 మే

ఫాదర్‌కు ఉమ్మడం సంగతి చెప్పాను. ఛాతీమీద సిలువ గుర్తు వేసుకున్నారు. “పాపం, పాపం! బర్బేరాను ఉమ్ముతరా!” ఆయన నవ్వుతుంటే నాకు ఏడుపు వచ్చింది. ఎందుకో తెలియదు.

3 మే

తెలుసు.

బాగుంది. ఆ రుచి బాగుంది. రాసేశాను. ఉమ్మిన తరువాత కూడా నాలుక మీద ఉండిపోయింది. నీళ్లు తాగితే అది పోతుందని రైల్లో దాహం ఆపుకున్నాను. బాపుకు కూడా మొదట్లో ఇలాగే అనిపించి ఉంటుంది. నేను ఆయన బిడ్డనే.

అయితే? అందుకని పోకూడదా? ఏది నన్ను లాగుతుందో తెలియకుండా జీవితమంతా గడప లోపల కూర్చునే కంటే, తెలుసుకుని దానికి ఎదురుగా నిలబడతాను.

పోతాను.

14 జూన్

నన్నే ఎంపిక చేశారు.

అయితే ఒక మెలిక పెట్టారు. పెళ్లికాని ఆడపిల్ల కాబట్టి ఇంటిపెద్ద స్వయంగా వచ్చి అధికారి ముందు ఒప్పుకోవాలి. మగవాడికైతే ఈ షరతు లేదు. రాజేశ్వర్ గారికి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది.

ఇంటిపెద్ద అంటే అవ్వే.

20 జూన్, ఆదివారం

మధ్యాహ్నం పాస్టరయ్య, దేవన్న ఇంటికి వచ్చారు. అవ్వ చాప వేసింది. నీళ్లిచ్చింది. నేను తలుపు పక్కన నిలబడ్డాను. పొమ్మని ఎవరూ అనలేదు, అన్నా పోయేదాన్ని కాదు.

పాస్టరయ్య ప్రార్థన చేశారు. దేవన్న మాట అందుకున్నాడు. “నర్సవ్వా, నీ చేతులనే ఉన్నది. నువ్వు పోకుంటె అది ఆగిపోతది. మంచి పిలగాడు చెయ్యి జారిపోయె. ఇంక సంబంధాలు వస్తయా? అయినా దాన్నేమంటం. తాగుబోతు తండ్రి రక్తం. ఎటు పోతది?”

అవ్వ లేచింది. చాలా నిమ్మళంగా లేచింది.

“అవును. నా పెనిమిటి తాగిండు. తాగి సచ్చిండు. ఆయనను మోసుకపోనీకి నలుగురు దొరకక నేను ఇంటింటికి తిరిగిన. నీ వాకిట్లకు గుడ వచ్చిన దేవన్నా. నడుము నొప్పి అన్నవు. ఇయ్యాల మా ఇంటిదాంక మంచిగనే నడిసొచ్చినవు.”

“అది కాదు నర్సవ్వా…”

“రక్తం మాట ఎత్తకు. నా బిడ్డ ఏం తాగలే. మీ పళ్లెం తలమీదికెంచి పోతె గుడ తల దించలే. లెవ్వు.”

పాస్టరయ్య ముందు లేచారు. గడప దగ్గర ఆగి అవ్వకు చేతులు జోడించారు. దేవన్న నీళ్లు ముట్టనే లేదు.

 నేను అవ్వ దగ్గరికి పోబోయాను.

“నువ్వేం సంబురపడకు” అంది. “నీ సదువుకు నేను ఒప్పుకోలే. ఆళ్ల మాట పడలేకపోయిన. గంతే.”

2 జూలై, హైదరాబాదు

అవ్వ ఒప్పుకోలేదు. కానీ వచ్చింది. ఆస్పత్రి డ్యూటీకి కట్టే తెల్లచీర కట్టుకుంది. రైల్లో నాతో మాట్లాడలేదు. ఎదురు సీటులోని ఆర్మూరు పసుపు రైతు భార్యతో దారి పొడుగునా మాట్లాడింది.

అదే అధికారి. అవ్వను కుర్చీలో కూర్చోమనలేదు. అవ్వే కూర్చుంది.

“నీ కూతురు అక్కడ ఏం చదవబోతుందో నీకు తెలుసా అమ్మా?”

“ఎరుకే.”

“ఏమిటి?”

“సీసల ఏమున్నదో సూసుడు నేర్వనీకె పోతున్నది. గా సూసెటోళ్లు ఒక్కలున్నా మా ఆయన బతుకుతుండె. నా బిడ్డ బాపు లేకుంట పెరగకపోతుండె.”

నేను ఆ మాట ఇంట్లో ఎప్పుడూ అనలేదు. అంటే అవ్వే, కాన్పుల గదిలోనో, కట్టెలు కొడుతూనో, తనంతట తానే అక్కడికి చేరుకుంది. ఎన్నాళ్ల నుంచి నడుస్తోందో.

అధికారి కాగితం ముందుకు లాక్కున్నారు. “ఒంటరిగా పంపడానికి నీకు భయం లేదా?”

“ఉన్నది. ఉంటె?” అంది అవ్వ.

11 సెప్టెంబరు

ఫాదర్ దగ్గర సెలవు తీసుకున్నాను. ఆయన ఇంక ఇటలీ పోరట. డాక్టరు వద్దన్నాడట. “పొగమంచు దిగే యాళ్లకు పోతున్నవు. మొదటిరోజు దారి కనవడది. భయపడకు, నిలవడు. నిలవడితె కనవడతది” అన్నారు.

19 సెప్టెంబరు, నిజామాబాదు దాటాక

మన్మాడ్ బండి. అక్కడ బొంబాయి బండి ఎక్కాలి.

నిజామాబాదు స్టేషనుకు రానంది అవ్వ. డ్యూటీ ఉందంది. రాజేశ్వర్ గారు, ల్యాబ్ వాళ్లు పూలదండతో వచ్చారు. సంఘం వాళ్లు కొందరు దూరంగా, టీ బండి దగ్గర నిలబడ్డారు. పంపడానికి వచ్చారో, చూడటానికి వచ్చారో. వాళ్ల వైపు తిరిగి చెయ్యి ఊపాను. ఒకరిద్దరు తిరిగి ఊపారు.

బండి కదలబోతుండగా అవ్వ కనబడింది. వంతెన మెట్లు దిగి, జనాన్ని తోసుకుంటూ, పరుగులాంటి నడక. కిటికీ ఊచలు పట్టుకుంది. ఆయాసం. నా ముఖం చూసింది. నేనేమీ చెప్పలేదు ఆమెకు. రుచి సంగతి ఈ డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. అవ్వకు చదువు రాదు. అయినా, ఇరవై నాలుగేళ్లు నన్ను చూస్తున్న కళ్లు కదా.

“నచ్చకపోతె వాపస్ రా” అంది.

“సరే అవ్వా.”

బండి కదిలింది. ఆమె ఊచలు వదలలేదు. రెండడుగులు బండితో పాటే నడిచింది.

“నచ్చితె గుడ వాపస్ రా, బిడ్డా. నచ్చినంక మీ బాపు వాపస్ రాలే.”

చెయ్యి వదిలేసింది. తెల్లచీర జనంలో కలిసిపోయేదాకా చూశాను.

అదే రోజు, సాయంత్రం

గోదావరి దాటాం. ఏడవలేదు. పొగ కళ్లలో పడింది.

వస్తాను. నచ్చుతుంది, నాకు తెలుసు. నచ్చినా వస్తాను. ముందైతే పోవాలి.